పీజీ తర్వాత రీసెర్చ్: ఫెలోషిప్ ఎవరికి, ఎంత, ఎలా?

ఫైనాన్స్, ఇంజినీరింగ్, పరిశ్రమ, లైఫ్ సైన్సెస్: ఈ నాలుగు దారుల్లో పీహెచ్‌డీ చేయాలనుకునే తెలంగాణ విద్యార్థులకు, వాళ్ల తల్లిదండ్రులకు

పీజీ అయిపోయింది. మార్కులు బాగానే ఉన్నాయి. "ఇంకా చదువుతా, రీసెర్చ్ చేస్తా" అని ఇంట్లో చెప్పగానే వచ్చే మొదటి మాట: "ఇంకా అయిదేండ్లా బిడ్డా? మరి పైసలు?"

ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. తోటి పిల్లలు ఉద్యోగాల్లో చేరి ఇంటికి డబ్బు పంపుతుంటే, మనం హాస్టల్ ఫీజు కోసం ఇంటికే ఫోన్ చేయాల్సి వస్తే ఆ చదువు ఎక్కువ కాలం నిలబడదు. చాలామంది రీసెర్చ్ వదిలేసేది చదవలేక కాదు, ఇంటిని ఆదుకోవాల్సి వచ్చి. ప్రభుత్వం ఇచ్చే ఫెలోషిప్ ఉన్నది ఇందుకోసమే. అది ఎవరికి వస్తుందో, ఎంత వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో ఈ పాఠంలో వరుసగా చూద్దాం. ఇంట్లోవాళ్లకు కూడా చదివి వినిపించండి.

1. ముందు మూడు మాటల తేడా తెలుసుకోండి

స్కాలర్‌షిప్: చదువు ఖర్చుకు ఇచ్చే సాయం. మన రాష్ట్రంలో ఈ-పాస్ ద్వారా వచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్, మెయింటెనెన్స్ ఫీజు ఈ కోవలోవే. ఎమ్మెస్సీ, ఎంకాం, ఎంబీఏ, ఎంటెక్ చదివేటప్పుడు ఇవి వర్తిస్తాయి. ఆదాయ పరిమితి వర్గాన్ని బట్టి మారుతుంది.

ఫెలోషిప్: రీసెర్చ్ చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే భృతి. ఇది జీతం కాదు, అప్పు కూడా కాదు. నిబంధనల ప్రకారం చదివినంత కాలం తిరిగి కట్టాల్సిన పని లేదు.

ఎడ్యుకేషన్ లోన్: బ్యాంకు అప్పు. వడ్డీతో సహా కట్టాలి. మన దేశంలో పీహెచ్‌డీ చేయడానికి లోన్ దాకా పోవాల్సిన అవసరం సాధారణంగా రాదు. ఫెలోషిప్ దారులన్నీ చూశాకే లోన్ గురించి ఆలోచించండి.

ఒక ముఖ్యమైన మాట: ఒకే కాలానికి రెండు చోట్ల నుంచి ఫెలోషిప్ తీసుకోకూడదు. ఫెలోషిప్ తీసుకుంటూ ఫుల్‌టైమ్ ఉద్యోగం చేయకూడదు. తర్వాత బయటపడితే తీసుకున్న డబ్బు వెనక్కి కట్టమంటారు.

2. ఎంత వస్తుంది? లెక్క వేసుకుందాం

కేంద్రం ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, అంటే జేఆర్‌ఎఫ్, 2023 జనవరి 1 నుంచి నెలకు 37,000 రూపాయలు. రెండేళ్ల తర్వాత పని చూసి సీనియర్ రీసెర్చ్ ఫెలోగా పెంచుతారు. అప్పుడు నెలకు 42,000 రూపాయలు.

మొదటి 2 ఏళ్లు: 37,000 × 24 నెలలు = 8,88,000
తర్వాతి 3 ఏళ్లు: 42,000 × 36 నెలలు = 15,12,000
అయిదేళ్లకు మొత్తం: 24,00,000 రూపాయలు

దీనికి తోడు, హాస్టల్ దొరకనివాళ్లకు ఇంటి అద్దె భత్యం ఉంటుంది. ఇది కేంద్ర ప్రభుత్వ రేట్ల ప్రకారం ఊరిని బట్టి మారుతుంది. హైదరాబాద్ ఎక్స్ తరగతి నగరం, వరంగల్ వై తరగతి, మిగతావి జెడ్ తరగతి. ఈ రేట్లు ఇప్పుడు 30, 20, 10 శాతం. అంటే హైదరాబాద్‌లో బయట రూము తీసుకుంటే 37,000 మీద 11,100 అదనం. హాస్టల్‌లో ఉంటే ఈ భత్యం రాదు.

పుస్తకాలు, కెమికల్స్, ఫీల్డు తిరుగుళ్లకు కంటింజెన్సీ అని ఏడాదికోసారి వేరే ఇస్తారు. యూజీసీ పద్ధతిలో సైన్స్, ఇంజినీరింగ్ వాళ్లకు మొదటి రెండేళ్లు ఏడాదికి 12,000, తర్వాత 25,000. ఆర్ట్స్, కామర్స్ వైపు వాళ్లకు మొదట 10,000, తర్వాత 20,500. దీనికి బిల్లులు పెట్టాలి. కాబట్టి మొదటి రోజు నుంచే రసీదులన్నీ ఒక కవర్లో దాచుకోండి.

3. ఎవరికి ఏ ఫెలోషిప్?

అన్ని వర్గాలకూ: యూజీసీ-నెట్ జేఆర్‌ఎఫ్. కామర్స్, మేనేజ్‌మెంట్, ఎకనామిక్స్, భాషలు, సామాజిక శాస్త్రాల వాళ్లు రాయాల్సింది ఇదే. జేఆర్‌ఎఫ్‌కు వయసు 30 ఏళ్లు దాటకూడదు. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగులు, మహిళలకు 5 ఏళ్ల సడలింపు ఉంది. కెమికల్, ఎర్త్, లైఫ్, మ్యాథమెటికల్, ఫిజికల్ సైన్సెస్ వాళ్లు సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ రాయాలి.

ఎస్సీ విద్యార్థులకు: నేషనల్ ఫెలోషిప్ ఫర్ ఎస్సీ. కేంద్ర సామాజిక న్యాయ శాఖది. నెట్‌లో వచ్చిన మెరిట్ ఆధారంగా ఎంపిక చేస్తారు.

ఓబీసీ విద్యార్థులకు: నేషనల్ ఫెలోషిప్ ఫర్ ఓబీసీ. ఇది కూడా నెట్ ఆధారంగానే. ఇక్కడ ఒక చిక్కు ఉంది, జాగ్రత్తగా చదవండి. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండదు. ఈ-పాస్‌కు ఇచ్చిన బీసీ సర్టిఫికెట్ ఇక్కడ చెల్లదు. కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ వేరుగా తీసుకోవాలి.

ఎస్టీ విద్యార్థులకు: నేషనల్ ఫెలోషిప్ ఫర్ ఎస్టీ. గిరిజన వ్యవహారాల శాఖది. ఏడాదికి 750 మందికి. దీనికి నెట్ అక్కర్లేదు, పీజీ మార్కుల మెరిట్ మీద ఇస్తారు. చాలామందికి ఈ సంగతే తెలియదు. చెంచు, కోలాం, తోటి, కొండరెడ్డి లాంటి ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహాల వాళ్లకు ఇందులో విడిగా వాటా ఉంది.

మైనారిటీ విద్యార్థులకు: మౌలానా ఆజాద్ నేషనల్ ఫెలోషిప్‌ను 2022-23 నుంచి కొత్తవాళ్లకు ఆపేశారు. ఇంకా ఉందని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మకండి. నెట్ జేఆర్‌ఎఫ్ దారి అందరికీ తెరిచే ఉంది.

4. నాలుగు దారులు: ఎక్కడ, ఏ పరీక్షతో?

ఫైనాన్స్: ఎంకాం, ఎంబీఏ, ఎంఏ ఎకనామిక్స్ వాళ్లకు యూజీసీ-నెట్ ముఖ్య ద్వారం. హైదరాబాద్‌లోనే రిజర్వ్ బ్యాంకు 1996లో పెట్టిన ఐడీఆర్‌బీటీ ఉంది, బ్యాంకింగ్ టెక్నాలజీ మీద రీసెర్చ్ అక్కడ జరుగుతుంది. ముంబయిలో రిజర్వ్ బ్యాంకు స్థాపించిన ఇందిరాగాంధీ అభివృద్ధి పరిశోధన సంస్థ ఉంది. ఐఐఎంలలోనూ పీహెచ్‌డీ ఉంది, ఫెలోషిప్ సంస్థే ఇస్తుంది. ఫైనాన్స్ అంటే షేర్ మార్కెటే అనుకోకండి. కౌలు రైతుకు బ్యాంకు అప్పు ఎందుకు పుట్టదు? మహిళా సంఘాల లోన్లు ఇంత బాగా ఎలా తిరిగి వస్తాయి? యూపీఐ మోసాల్లో ఎక్కువగా ఎవరు చిక్కుతున్నారు? ఇవన్నీ ఫైనాన్స్ రీసెర్చే. మన ఊళ్లో పుట్టిన ప్రశ్నలే.

ఇంజినీరింగ్: ఇక్కడ గేట్ పరీక్ష కీలకం. గేట్ స్కోరు 3 ఏళ్లు చెల్లుతుంది. ఏఐసీటీఈ గుర్తింపున్న కాలేజీలో గేట్‌తో ఎంటెక్ చేరితే, అర్హులకు నెలకు 12,400 రూపాయలు 24 నెలల పాటు వస్తుంది. పీహెచ్‌డీకి ఐఐటీ హైదరాబాద్, ఎన్‌ఐటీ వరంగల్ లాంటి చోట్ల సంస్థే ఫెలోషిప్ ఇస్తుంది. ప్రైమ్ మినిస్టర్స్ రీసెర్చ్ ఫెలోషిప్‌ను 2018లో మొదలుపెట్టారు. అందులో మొదటి రెండేళ్లు నెలకు 70,000, మూడో ఏడాది 75,000, ఆ తర్వాత 80,000 చొప్పున ఇచ్చేలా పెట్టారు. పోటీ చాలా గట్టిది. అయినా అర్హత ఉంటే వదలొద్దు.

పరిశ్రమ: కంపెనీలో పనిచేస్తూ పీహెచ్‌డీ చేయవచ్చు. 2022 యూజీసీ నిబంధనలు పార్ట్‌టైమ్ పీహెచ్‌డీని ఒప్పుకుంటాయి. కంపెనీ నుంచి అభ్యంతరం లేదని లెటర్ కావాలి. జీతం వస్తుంది కాబట్టి ఫెలోషిప్ ఉండదు. మన దగ్గర మందుల కంపెనీల్లో, బల్క్ డ్రగ్ యూనిట్లలో పనిచేసే ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, ఎంఫార్మసీ పిల్లలకు ఇది మంచి అవకాశం. అయితే సంతకం పెట్టేముందు రెండు విషయాలు అడగండి. కనిపెట్టిన దాని మీద హక్కు ఎవరిది? థీసిస్‌లో, పేపర్లో రాసుకోవడానికి కంపెనీ ఒప్పుకుంటుందా? మూడేళ్లు కష్టపడ్డాక "ఇది మా రహస్యం, బయట పెట్టొద్దు" అంటే డిగ్రీ ఆగిపోతుంది. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

లైఫ్ సైన్సెస్: సీఎస్‌ఐఆర్ నెట్‌తో పాటు బయోటెక్నాలజీ విభాగం బెట్ పరీక్ష పెడుతుంది, వైద్య పరిశోధనకు ఐసీఎంఆర్ జేఆర్‌ఎఫ్ ఉంది. యూనివర్సిటీ పీజీలో ఫస్ట్ ర్యాంకు వచ్చినవాళ్లు ఇన్‌స్పైర్ ఫెలోషిప్ కూడా చూడాలి. ఈ దారిలో హైదరాబాద్ అంత సౌకర్యం దేశంలో కొద్ది ఊళ్లకే ఉంది. సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, జాతీయ పోషకాహార సంస్థ ఇక్కడే ఉన్నాయి, పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉంది. నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్ల మీద, ఏజెన్సీలో రక్తహీనత మీద పనిచేసేవాళ్లు ఇంకా కావాలి. ఆ బాధ దగ్గర నుంచి చూసిన పిల్లలు వేసే ప్రశ్న వేరుగా ఉంటుంది.

ఇక్కడో తేడా గుర్తుపెట్టుకోండి. నోటీసుల్లో ప్రాజెక్ట్ జేఆర్‌ఎఫ్ అని కనిపిస్తుంది. అది ఆ ప్రాజెక్టు ఉన్నంత కాలమే. ప్రాజెక్టు అయిపోతే డబ్బు ఆగుతుంది, మీ పీహెచ్‌డీ మాత్రం ఆగదు. నెట్ జేఆర్‌ఎఫ్ మీ పేరు మీద ఉంటుంది. ప్రాజెక్టులో చేరినా, నెట్ రాయడం మానొద్దు.

5. మొదటి ఆరు నెలలే అసలు పరీక్ష

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఉట్నూరు వైపు నుంచి ఎమ్మెస్సీ బోటనీ చేసిన అమ్మాయి. ఎస్టీ ఫెలోషిప్‌కు ఎంపికైంది. హైదరాబాద్‌లో పీహెచ్‌డీలో చేరింది. ఊళ్లో అందరూ "నెలకు 37 వేలంట" అనుకున్నారు. కానీ మొదటి నెల ఖాతాలో ఏమీ పడలేదు. రెండో నెలా పడలేదు.

ఇది మోసం కాదు. చేరినట్టు యూనివర్సిటీ రిపోర్టు పంపాలి, పత్రాలు పరిశీలించాలి, ఖాతా సరిచూడాలి. అప్పుడు గాని మొదటి చెల్లింపు రాదు. దీనికి కొన్ని నెలలు పట్టడం మామూలే. వచ్చినప్పుడు బకాయిలు కలిపి వేస్తారు. ఏ తేదీ నుంచి లెక్కిస్తారో ఆ పథకం మార్గదర్శకాల్లో ఉంటుంది.

ఆరు నెలలు ఆలస్యమైందనుకుందాం. మెస్, రోజువారీ ఖర్చు నెలకు 8,000 చొప్పున 48,000. అడ్మిషన్, ఇతర ఫీజులు 17,000 అనుకుందాం. మొత్తం 65,000. ఈ డబ్బు మొదటి రోజే నూటికి 3 రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 1,950 వడ్డీ, ఆరు నెలలకు 11,700. అదే నూటికి రూపాయి వడ్డీకి దొరికితే ఆరు నెలలకు 3,900. అమ్మ మహిళా సంఘంలో ఉంటే ముందు అక్కడ అడగండి. ప్రైవేటు వడ్డీ చివరి దారి.

ఆరు నెలల బకాయి 2,22,000 ఒకేసారి పడుతుంది. అప్పు తీర్చినా లక్షన్నర మిగులుతుంది. ఈ సంగతి ముందే తెలిసిన ఇల్లు ఓపిక పడుతుంది. తెలియని ఇల్లు మూడో నెలలోనే "వచ్చెయ్ బిడ్డా" అంటుంది. చదువు ఆగేది సరిగ్గా అక్కడే.

అందుకని ఇలా చేయండి:
• చేరిన వారంలోనే జాయినింగ్ రిపోర్టు మీద గైడ్, విభాగాధిపతి సంతకాలు చేయించి, అకడమిక్ సెక్షన్‌లో ఇచ్చి, ఒక కాపీ మీద స్టాంపు వేయించుకోండి.
• ఫెలోషిప్ ఎంపిక లెటర్ జతచేసి, మెస్ బిల్లు వాయిదా వేయమని హాస్టల్ వార్డెన్‌కు రాతపూర్వకంగా అడగండి.
• బ్యాంకు ఖాతాకు ఆధార్ సీడింగ్ అయిందో లేదో చూసుకోండి. ఆధార్ లింకు వేరు, సీడింగ్ వేరు. ప్రభుత్వ డబ్బు సీడింగ్ ఉన్న ఖాతాకే పోతుంది. రెండు ఖాతాలుంటే ఏది సీడ్ అయిందో బ్యాంకులో అడగండి.
• మొదటి చెల్లింపు తర్వాత కూడా, మీరు చదువు కొనసాగిస్తున్నారని సంస్థ ఎప్పటికప్పుడు పోర్టల్‌లో నిర్ధారించాలి. అది చేసే ఉద్యోగి ఎవరో తెలుసుకుని మర్యాదగా గుర్తుచేస్తూ ఉండండి.
• రెండేళ్లు నిండేముందే సీనియర్ ఫెలోగా పెంచే కాగితాలు సిద్ధం చేయండి. ఆలస్యమైతే నెలకు 5,000 తేడా ఆగిపోతుంది.
• వచ్చిన డబ్బులో మూడు నెలల ఖర్చు ఎప్పుడూ పక్కన పెట్టుకోండి. మధ్యలో మళ్లీ ఆలస్యం కావచ్చు.

6. పీహెచ్‌డీ నిబంధనలు, క్లుప్తంగా

ఇవి 2022 నవంబరులో వచ్చిన యూజీసీ నిబంధనలు.

• పీజీలో 55 శాతం మార్కులు కావాలి. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగులు, ఈడబ్ల్యూఎస్ వాళ్లకు 5 శాతం సడలింపు.
• కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. ఆపైన 2 ఏళ్ల పొడిగింపు అడగవచ్చు. మహిళలకు, 40 శాతం మించి వైకల్యం ఉన్నవాళ్లకు ఇంకో 2 ఏళ్లు.
• మహిళలకు పీహెచ్‌డీ కాలంలో 240 రోజుల వరకు ప్రసూతి, పిల్లల సంరక్షణ సెలవు. పెళ్లయితే చదువు మానాల్సిందే అన్న మాటకు ఇదే జవాబు.
• ఫెలోషిప్ అయిదేళ్లే, డిగ్రీకి ఆరేళ్ల వరకు టైముంది. ఆరో ఏడాది డబ్బు రాదు. మూడో ఏడాది నుంచే రాయడం మొదలుపెట్టండి.
• ఎంఫిల్ ఇప్పుడు లేదు. దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో పీహెచ్‌డీ చెల్లదు.

గైడ్ ఎంపిక: ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర 4 మంది మించి ఉండకూడదు. రిటైర్మెంట్‌కు 3 ఏళ్ల లోపు ఉన్నవాళ్లు కొత్తవాళ్లను తీసుకోకూడదు. చేరేముందు ఆ గైడ్ దగ్గరున్న సీనియర్లతో మాట్లాడండి. "సార్ ఎన్ని రోజులకోసారి కలుస్తారు? డ్రాఫ్టు ఇస్తే ఎన్నాళ్లకు చదువుతారు?" ఈ రెండు ప్రశ్నలు చాలు.

థీసిస్ రాసిపెడతామనే దుకాణాల జోలికి పోకండి. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం థీసిస్‌లో పోలిక 10 శాతం దాటితే సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. 40 దాటితే ఏడాది పాటు సమర్పించనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు.

7. విదేశాల్లో చదవాలంటే

రాష్ట్రం ఇచ్చేవి: ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే విద్యానిధి, మైనారిటీలకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్. పీజీకి, పీహెచ్‌డీకి 20 లక్షల రూపాయల వరకు గ్రాంటుగా, విడతల్లో ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉండాలి. పథకం జాబితాలో ఉన్న దేశాలకే వర్తిస్తుంది.

కేంద్రం ఇచ్చేది: నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్. ఏడాదికి 125 మందికి, ఎక్కువ భాగం ఎస్సీలకు. అర్హత పరీక్షలో 60 శాతం మార్కులు, 35 ఏళ్ల లోపు వయసు, 8 లక్షల లోపు కుటుంబ ఆదాయం కావాలి. ఒక షరతు చూసుకోండి: భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, సామాజిక అధ్యయనాల మీద ఇక్కడి విషయాలు తీసుకుంటే 2022 నుంచి ఇవ్వడం లేదు.

8. దగ్గర పెట్టుకోవాల్సిన పత్రాలు

• పదో తరగతి మెమో (పేరు, పుట్టినతేదీ దీని ప్రకారమే)
• డిగ్రీ, పీజీ మెమోలు, ప్రొవిజనల్, టీసీ
• కుల ధ్రువీకరణ, ఓబీసీలైతే కేంద్ర నమూనా నాన్ క్రీమీలేయర్
• ఆదాయ ధ్రువీకరణ, మీసేవ నుంచి
• ఆధార్, సీడింగ్ ఉన్న బ్యాంకు పాస్‌బుక్
• దివ్యాంగులైతే సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు
• నెట్, గేట్ స్కోరు కార్డు
• పీహెచ్‌డీ అడ్మిషన్ లెటర్, జాయినింగ్ రిపోర్టు

పదో తరగతి మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి. ఇంటిపేరు ముందా వెనకా అన్న చిన్న తేడాకే నెలల తరబడి డబ్బు ఆగిన వాళ్లున్నారు.

9. ఎక్కువగా అడిగే ప్రశ్నలు

ప్ర: నెట్ రాశాను, జేఆర్‌ఎఫ్ రాలేదు. అంతా వృథానా?
జ: కాదు. 2024 జూన్ నుంచి నెట్ ఫలితం మూడు రకాలుగా ఇస్తున్నారు. జేఆర్‌ఎఫ్ రాకపోయినా మిగతా రెండు రకాల్లో ఉంటే ఆ స్కోరుతో పీహెచ్‌డీ అడ్మిషన్‌కు పోవచ్చు. నెట్‌కు 70, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. స్కోరు ఏడాదే చెల్లుతుంది.

ప్ర: ఫెలోషిప్ ఏదీ లేకుండా సీటు వచ్చింది. చేరాలా?
జ: హైదరాబాద్ యూనివర్సిటీ, ఇఫ్లూ, మనూ లాంటి కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెట్ లేనివాళ్లకు నెలకు 8,000 నాన్ నెట్ ఫెలోషిప్ ఉంటుంది. దానితో హాస్టల్ గడుస్తుంది, ఇంటికి పంపడం కుదరదు. చేరి, మొదటి ఏడాదిలోనే మళ్లీ నెట్ రాయండి.

ప్ర: మధ్యలో ఉద్యోగం వస్తే?
జ: ముందుగా సంస్థకు రాసి ఇచ్చి, ఫెలోషిప్ ఆపించుకుని, నిబంధనలు ఒప్పుకుంటే పార్ట్‌టైమ్‌కు మారండి. చెప్పకుండా రెండూ తీసుకోవద్దు.

ప్ర: ఆఫీసులో ఎవరో "కాగితం కదలాలంటే" అన్నారు.
జ: ఇవ్వకండి. దరఖాస్తు నంబరు, తేదీ రాసి, పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. ఏ ఫెలోషిప్‌కూ మధ్యవర్తి లేడు.

చివరి మాట అమ్మానాన్నలకు: పీహెచ్‌డీ అంటే ఇంటి మీద భారం అనుకోకండి. ఫెలోషిప్ ఉంటే అయిదేళ్లలో 24 లక్షలు మీ పిల్లల ఖాతాకు వస్తాయి, చదువూ పూర్తవుతుంది. మొదటి ఆరు నెలలు ఓపిక పట్టండి. ఆ ఆరు నెలలు మీరు నిలబడితే, తర్వాత వాళ్లు నిలబడతారు.

తేదీలు, మొత్తాలు ప్రతి ఏటా మారవచ్చు. దరఖాస్తు చేసేముందు ఆ ఏటి నోటిఫికేషన్ చదవండి. ఈ పీడీఎఫ్‌ను మీ ఊరి పీజీ పిల్లలకు పంపండి.